కంచంలో రంగులు, గరాజ్‌లో మోటారు

ఆదివారం తెలుగు బడి, శనివారం కూచిపూడి, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే డాలరు జరిమానా, వీటి గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను డిస్క్ గోల్ఫ్ అనే ఆటలో విసిరే డిస్కులకి రంగులెయ్యడం గురించి రాస్తాను. మా పద్నాలుగేళ్ళవాడు నాతో గంటసేపు ఫోన్ చూడకుండా మాట్లాడేది ఇప్పుడు ఆ పని దగ్గరే.

మేముండేది అమెరికాలోని షార్లెట్‌లో. ఇక్కడ డిస్క్ గోల్ఫ్ పిచ్చి బాగా ఎక్కువ. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇందులో బంతీ ఉండదు, కర్రా ఉండదు. చిన్న పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కుని చెట్ల మధ్యనుంచి విసురుకుంటూ పోయి, చివర్న గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. కౌంటీ పార్కుల్లో చాలాచోట్ల ఉచితం, అందుకే నాకు నచ్చింది. పక్కనే రాక్‌హిల్‌లో విన్‌త్రాప్ యూనివర్సిటీ ఆవరణలో 1999 నుంచీ అమెరికా ఛాంపియన్‌షిప్ కూడా పెడుతున్నారు. మా ఆయన వాణ్ణి క్రికెట్‌లో పెట్టాలని చాలా ఆశపడ్డారు గానీ వాడికి అది పట్టలేదు.

ఈ ఆటకి పెద్దాయన ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలో మొదటి శాశ్వత కోర్సు వేసింది ఆయనే. 2002లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయించారట. ఫోన్లో మా అమ్మకి చెప్తే, "గోదాట్లో కలపాల్సినదాన్ని గాల్లోకి విసురుకోవడమేమిటే, శాంతి ఉండొద్దూ" అంది. మావాడు మాత్రం ఆయన అదృష్టవంతుడన్నాడు.

సరే, రంగుల విషయానికొస్తాను. మావాడి డిస్క్ గోల్ఫ్ టీమ్‌లో పిల్లలందరి దగ్గరా సూర్యుడిలా కిరణాలు చిమ్మే డిస్కులుంటాయి. అవి కొట్లో కొన్నవి కావు, తెల్ల డిస్కు కొని ఎవరికి వాళ్ళు ఇంట్లో వేసుకున్నవే. పెయింట్ వేస్తే కుదరదు, చేతికి మందంగా తగిలే పూత ఏదున్నా పోటీలకి ఆ డిస్కు చెల్లదని రూలు. ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయే డై అయితే ఫర్వాలేదు. చవకరకం డిస్కులు రంగు సరిగ్గా పీల్చవు, పాలియురేథేన్ తరహా ఖరీదు రకమే పీలుస్తుంది. డై కూడా పాలియెస్టర్ గుడ్డలకి వాడే రకమై ఉండాలి. ఐడై అని ఒకటి, ఐడై పాలీ అని ఒకటి పక్కపక్కనే అమ్ముతారు. మొదటిది నూలు, పట్టులాంటి వాటికి, ప్లాస్టిక్‌కి పనికొచ్చేది రెండోది. కొనేముందు అట్టమీద చూసుకోండి.

ఆ కిరణాలు రావాలంటే రంగు వేసేటప్పుడు డిస్కుని తిప్పాలి. ఆ తిప్పే యంత్రాన్ని రెడీమేడ్‌గా కొనిపెట్టమన్నాడు మావాడు. నేను కాకినాడలో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన లక్షలమందిలో ఒకదాన్ని. ఫిట్టింగ్ షాపులో ఆకురాయి పట్టుకుని ఇనప ముక్క చదును చేసిన చేతులివి. తర్వాత వాటికి కీబోర్డు తప్ప ఏమీ తగల్లేదు. మనమే చేద్దాం పద అన్నాను. "నీకు డ్రిల్ పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాళ్ళ నాన్నగానీ నేనుగానీ ఇంట్లో ఏదైనా బిగించడం వాడెప్పుడు చూశాడు కనుక? బల్బు పాడైనా మనిషిని పిలిచే ఇల్లు మాది.

పాత మిక్సీ మోటారు వాడదామని మా ఆయన సలహా. మిక్సీ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది, రంగు గోడమీదా మనమీదా ఉంటుంది, డిస్కుమీద తప్ప. పాత రికార్డ్ ప్లేయర్ మరీ నెమ్మది, నిమిషానికి 33 లేదా 45 సార్లే తిరుగుతుంది, గుండ్రటి వలయాలు గియ్యడానికి బ్రహ్మాండం గానీ కిరణాలు చిమ్మించడానికి చాలదు. చివరికి 12 వోల్టుల గేరు మోటారు, దానికో స్పీడు కంట్రోలరు తెప్పించాం. అడుగున కన్నం పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో మోటారు ఇరుసు పైకి వచ్చేలా బిగించి, దాని మీద గుండ్రంగా కోసిన ప్లైవుడ్ ముక్క పెట్టాం. డబ్బా గోడలే చిందులు ఆపుతాయి. అన్నిటికన్నా పీకులాట నడిమధ్యకి తేవడం. డిస్కు ఒక్క పిసరు పక్కకి ఉన్నా గుడ్డికోడిలా ఊగుతుంది, రంగంతా ఒకవైపుకి పోతుంది. ప్లైవుడ్ మీద మూడు మేకులు కొట్టి, వాటికి రబ్బరు బాండ్లు చుట్టి, డిస్కు లోపలి అంచు వాటిమీద బిగుతుగా కూర్చునేలా చేశాం. ఇందులో వాడి బుర్రే ఎక్కువ.

ఒక హెచ్చరిక. డిస్కు మీద కంపెనీ బొమ్మ తుడవడానికి అసిటోన్ వాడతారు, కొందరు డై కూడా అందులోనే కలుపుతారు. అది భగ్గున అంటుకునే సరుకు, ఇలాంటి బ్రష్ మోటార్లలో చిన్న నిప్పురవ్వలు పుడతాయి. అందుకని తుడుపు పని బయట పెరట్లోనే, మోటారు దగ్గరకి ఆ సీసా రాకూడదు. చేతికి గ్లవ్స్, డై పొడి కలిపేటప్పుడు మాస్కు. ఈ విషయంలో మాత్రం నేను పక్కా నాటు అమ్మనే, వాదన లేదు.

రంగులెయ్యడానికి రెండు పద్ధతులు, నెమ్మదిగా తిప్పేదొకటి, వేగంగా తిప్పేదొకటి. నెమ్మది పద్ధతికి అంచున్న వెడల్పాటి పళ్ళెం కావాలి. డిస్కు 21 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది, దాన్ని బోర్లిస్తే చుట్టూ కాస్త జాగా మిగలాలి, అడుగు చదునుగా ఉండాలి. అంటే ఏమిటి? మన స్టీలు కంచం! పెళ్ళికి అత్తగారు పేరు కొట్టించి ఇచ్చిన కంచాల్లో ఒకటి గరాజ్‌కి వెళ్ళిపోయింది. ఒకసారి డై తగిలాక అది మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. ఆవిడకి వీడియో కాల్‌లో కనిపించకుండా దాస్తున్నాం.

కంచంలో పిల్లలు బళ్ళో వాడే జిగురు పల్చగా పోసి, మట్టం చూసుకుని, మెల్లగా తిప్పుతూ మూతికి సన్నటి గొట్టం ఉన్న సీసాతో రంగు వలయాలు గియ్యాలి. తర్వాత టూత్‌పిక్‌తో మధ్యనుంచి బయటికి లాగితే వలయాలు రేకుల్లా సాగుతాయి. డిస్కుని ఒక అంచు ముందు ఆనించి నెమ్మదిగా బోర్లించాలి, గాలిబుడగ చిక్కితే అక్కడ తెల్లమచ్చే. ఒక రోజు కదపకుండా ఉంచి కడిగెయ్యడమే. వేగం పద్ధతిలో అయితే డిస్కు మీదే పల్చటి జిగురు పోసి, మధ్యలో రంగు చుక్కలు వేసి స్పీడు పెంచుతారు. చుక్క అంచుకి పోయేకొద్దీ దాని మీద తోపు పెరుగుతుంది, కాబట్టి మధ్యలో బద్ధకంగా కదిలింది చివర్న బాణంలా పోతుంది. స్పీడు ఒక్కసారిగా పెంచితే గీతలు వంకర తిరుగుతాయి, మెల్లగా పెంచితే నిటారుగా వస్తాయి. ఇది వాడు ఫిజిక్స్ పుస్తకంలో చదివినప్పుడు ఆవలించాడు, ఇక్కడ మాత్రం నాకే పాఠం చెప్పాడు.

మాది ఎలమంచిలి. పక్కనే ఏటికొప్పాక, లక్క బొమ్మల ఊరు. అక్కడ అంకుడు కర్రని తిరుగుడు యంత్రానికి బిగించి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. 2017లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. క్రితంసారి ఇండియా వెళ్ళినప్పుడు వీణ్ణి తీసికెళ్ళి చూపించాను, గుమ్మం దగ్గర నిలబడి వైఫై ఉందా అనడిగాడు. గరాజ్‌లో మోటారు తిరుగుతుంటే నేను ఆగలేక "ఏటికొప్పాకలో కూడా..." అని మొదలెట్టా. "తెలుసమ్మా, చెప్పావు" అన్నాడు. అంతే, నోరు మూసుకున్నా. మనకో జబ్బుంది, పిల్లలు ఏం చేసినా అందులో మన ఊరిని దూర్చకపోతే నిద్రపట్టదు.

తర్వాతెప్పుడో కారులో వాడే అడిగాడు. "కరెంటు లేనప్పుడు తాడు చుట్టి లాగేవాళ్ళన్నావు కదా, తాడు వెనక్కి లాగినప్పుడు కర్ర ఉల్టా తిరుగుతుంది, మరి రంగెలా పట్టేది?" రాపిడికి ఏ దిక్కైతేనేంరా, వేడి వేడే అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మనది రివర్స్ చేస్తే గీతలు రెండువైపులా వంగుతాయి" అని వాడి లెక్కలో వాడు పడిపోయాడు. ఏటికొప్పాక మీద గౌరవం పెరిగిందా అంటే, ఏమో, మెషీన్ మీద ఆసక్తి మాత్రం పెరిగింది. నాకది చాలు.

చిన్నది మాత్రం సంక్రాంతికి కంచంలో ముగ్గు వేస్తానని పట్టుబట్టింది. ఎనిమిది రేకులు లాగి, చుట్టూ చుక్కలు పెట్టింది. నీలం మీద తెలుపు, నిజంగానే బాగా వచ్చింది. అన్న దాన్నే బ్యాగులో వేసుకుని వెళ్ళి, నీళ్ళమీదుగా విసిరి చెరువులో పడేసి వచ్చాడు. ఇంట్లో పెద్ద గోల. నీలం డిస్కు నీళ్ళలో ఎలా కనిపిస్తుంది, తప్పు రంగుదని వాడి వాదన. ఈసారి నారింజ రంగు తెప్పిస్తున్నాం, కొత్త తెల్ల డిస్కు డబ్బులు మాత్రం వాడి జేబులోంచే.