పసిబిడ్డకు సున్తీ: మోగెన్, గామ్కో, ప్లాస్టిబెల్

ఈ మూడూ సున్తీ చేసే పరికరాలు. ఏది వాడినా, పుట్టిన బిడ్డ ముందోలు (అంగం కొనను కప్పే చర్మం) శిశ్నాగ్రానికి, అంటే అంగం కొనకు, అతుక్కునే ఉంటుంది. మొద్దు ప్రోబ్‌తో (పదును లేని సన్నటి లోహపు పుల్లతో) చుట్టూ నెమ్మదిగా విడదీయాలి, మూత్రరంధ్రం సరైన చోట ఉందో లేదో చూడాలి. అది కిందివైపుంటే అక్కడితో ఆపేయాలి. తర్వాత దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి. రక్తం గడ్డకట్టేందుకు ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ పడిందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బుందా అన్నవి ముందే అడిగి తెలుసుకోవాలి.

మత్తు లేకుండా చేయడం తప్పు. ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మందు, అడ్రినలిన్ కలపని 1% లిగ్నోకైన్‌ను అంగం మొదట్లో, గడియారంలో 10, 2 అంకెలు ఉండే చోట్ల, ఒక్కోవైపు 0.4 మి.లీ. ఇస్తారు. ఆ తర్వాత కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. తొందరపడేది ఇక్కడే. చక్కెర నీళ్లు బిడ్డను ఊరడిస్తాయి, అంతేగాని మత్తుకు బదులు కావు.

మోగెన్ అన్నిటికన్నా త్వరగా అయిపోతుంది. ముందోలును పరికరంలోని సన్నటి సందులోకి లాగి, నొక్కి, కోస్తారు. లోపలున్న శిశ్నాగ్రం కంటికి కనబడదు. సరిగా విడదీయకుండా లాగితే అదీ సందులోకి వచ్చి తెగే ప్రమాదముంది.

గామ్కోలో లోహపు గిన్నె శిశ్నాగ్రాన్ని కాపాడుతుంది, గిన్నెకూ పలకకూ మధ్య ముందోలు నొక్కుకుంటుంది. మర బిగించి 5 నిమిషాలు ఉంచాకే కోయాలి. ఒక సెట్ గిన్నెకు ఇంకో సెట్ పలక కలిపితే సరిగా నొక్కుకోదు, రక్తం ఆగదు. లోహం ఉండగా కాటరీ (కరెంటు వేడితో రక్తం ఆపే పరికరం) తాకించారా, అంగమంతా కాలిపోవచ్చు.

ప్లాస్టిబెల్‌లో ముందోలు పైభాగంలో చిన్న గాటు పెట్టి ప్లాస్టిక్ గంటను లోపల కూర్చుతారు. గంట మీది గాడిలో దారం గట్టిగా బిగించి, మిగిలిన చర్మం కోసి, పిడి విరిచేస్తారు. అంగం మీద మిగిలే గంట భాగమే రింగు, అది సాధారణంగా వారంలోపే ఊడిపోతుంది. ఇందులో అసలు నేర్పంతా సైజులోనే ఉంది. పెద్దదైతే రింగు వెనక్కి జారి అంగాన్ని బిగిస్తుంది. చిన్నదైతే శిశ్నాగ్రాన్ని నొక్కేస్తుంది. దారం వదులైతే రక్తం కారుతుంది. మళ్లీ చూపించుకోవడానికి రాగల కుటుంబానికైతే మేం దీన్నే ఎంచుకుంటాం. ఊరు దూరమై, తిరిగి రాలేమన్నవాళ్లకు రింగు పెట్టి పంపడం మంచిది కాదు.

ఇంట్లో రింగును లాగకండి. శిశ్నాగ్రం మీద పల్చటి పసుపు పొర కనిపిస్తే అది చీము కాదు, గోకి తీయొద్దు. 12 గంటలైనా మూత్రం పోయకపోయినా, డైపర్‌లో రక్తపు మరక రూపాయి బిళ్లను మించినా, రింగు వెనక్కి జారినా, ఎనిమిదో రోజుకు ఊడకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.