సబ్‌టైటిల్స్ రాని పూట

మూడు రోజుల చిత్రోత్సవం, పదకొండు సినిమాలు, అన్నీ ఫాంటసీలే అని తెలిసి సెలవు పెట్టేసి రాత్రి బస్సెక్కాను. తెల్లారి దిగి, లాడ్జిలో మొహం కడుక్కుని, పది గంటల ఆటకి వరసలో నిలబడ్డాను. మెడలో పాసు వేలాడుతుంటే సినిమావాళ్లతో మనకీ ఏదో చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది. ఆ తాడు మధ్యాహ్నానికే తెగింది.

మొదటి ఆట ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన చంద్రలోక యాత్ర. పావుగంట సినిమా. మెలియెస్ అసలు వృత్తి గారడీ, పారిస్‌లో సొంత గారడీ థియేటరు ఉండేది. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పితే మనిషి మాయం. అంతే కిటుకు. చంద్రుడి మీద ఉండేవాళ్లని గొడుగుతో కొడితే పొగై పోతుంటారు. అతుకు ఎక్కడుందో పట్టేద్దామనే ముందు వరసలో కూర్చున్నాను. పట్టాను కూడా, అక్కడ బొమ్మ చిన్నగా గెంతుతుంది. పట్టాక కూడా తర్వాతి గొడుగు దెబ్బకి మళ్లీ నవ్వొచ్చింది.

మాకు వేసింది రంగులది. ఫ్రేము తర్వాత ఫ్రేముగా చేత్తో రంగులద్దిన ప్రింటు ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడితే, బాగుచేసి 2011లో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. రంగు అక్కడక్కడా గీత దాటి పక్కకి ఒలుకుతూ ఉంటుంది. నాకు రాకెట్ కన్నా ఆ ఒలికిన రంగే ఎక్కువ గుర్తుండిపోయింది. ఎవరిదో చెయ్యి అక్కడ తొందరపడింది.

ఆ తర్వాత జర్మన్ దర్శకురాలు లొట్టె రైనిగర్ తీసిన 1926 నాటి రాకుమారుడు అహ్మద్ కథ. నల్ల అట్టనీ పల్చటి సీసపు రేకునీ కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కట్టి, కింది నుంచి వెలుగుపడే గాజుబల్ల మీద పెట్టి, ఇంచీలో పిసరంత జరిపి ఒక్కో ఫ్రేము తీశారు. మూడేళ్లు పట్టిందట. తోలుబొమ్మలు చూసిన కళ్లకి ఇది కొత్తేం కాదు, కాకపోతే మన బొమ్మల్లోంచి రంగు కనిపిస్తుంది, వీటికి ఉన్నది అంచే. మొహంలో కన్నూ లేదు, నవ్వూ లేదు. మెడ ఒక్క రవ్వ వంగితే సిగ్గు, ఇంకో రవ్వ వంగితే ఏడుపు.

రెండో రోజు పొద్దున పాతాళభైరవి. కార్యక్రమంలో దీన్నీ ఫాంటసీ అనే రాశారు. మనం జానపదం అంటాం, ఆ మాటలో ఉన్న చనువు ఈ మాటలో రాదు. 1951లో వచ్చిన సినిమా, మరుసటి ఏడు మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో వేశారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వెలుగునీడల గురించి నోట్సు రాసుకుందామని పెన్ను తీశాను. రంగారావు మాంత్రికుడిగా రాగానే హాలంతా ఆయనకన్నా ముందు ఆయన డైలాగులు చెప్పేస్తుంటే నోట్సు ఎక్కడ రాస్తాం? హీరోకి పడనన్ని ఈలలు ఆయనకి పడ్డాయి. పక్కనున్న విదేశీ కుర్రాడు నా వైపు చూసి భుజాలెగరేశాడు. ఏం చెప్పాలో తోచక నేనూ ఎగరేశాను.

మధ్యాహ్నం పాన్స్ లాబిరింత్. దర్శకుడు డెల్ టోరో తన అంతకుముందు స్పానిష్ సినిమాకి వచ్చిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నచ్చక, దీనికి తనే రాసుకున్నాడని నిర్వాహకుడు మైకులో గర్వంగా చెప్పాడు. సబ్‌టైటిల్స్ గురించి అంత గొప్పగా చెప్పినవాళ్లకే రాత్రి ఆటకి అవి పడలేదు.

రాత్రి ఆట జపాన్ దర్శకుడు మియాజాకి యానిమేషన్ సినిమా స్పిరిటెడ్ అవే, జపనీస్‌లో. పది నిమిషాలైనా కింద ఒక్క అక్షరం లేదు. ఆపారు, మళ్లీ వేశారు, మళ్లీ లేదు. సగం మంది లేచి వెళ్లిపోయారు. కోపం నాకూ వచ్చింది, కానీ లాడ్జిలో మాత్రం చేసే పనేముంది?

నా వెనక వరసలో ఎనిమిదేళ్ల పాప, వాళ్ల అమ్మమ్మ. "ఏమంటున్నారే వాళ్లు?" అని అమ్మమ్మ అడిగినప్పుడల్లా, జపనీస్ తెలిసినట్టే పాప చెప్పేస్తోంది. స్నానశాల యజమానురాలు కాగితం మీద చెయ్యి ఆడిస్తే, అక్షరాలు లేచి ఆమె గుప్పిట్లోకి వెళ్లిపోతాయి. "పేరు లాగేసుకుంది అమ్మమ్మా," అంది పాప. నిజంగానే అక్కడ కథలోని పిల్ల చిహిరో పేరులో ఒక్క అక్షరమే మిగిలి సెన్ అవుతుంది. ముసుగు మొహంవాడు స్నానశాల పనివాళ్లని మింగుతుంటే, "వాడికి ఆకలేం కాదు, వాడితో ఎవరూ మాట్లాడట్లేదు," అంది. నేను తెర వదిలేసి వెనక్కి తిరిగి వినడం మొదలుపెట్టాను.

చివర్లో యజమానురాలిలాంటి ముసలామే ఇంకోచోట, చిన్న గుడిసెలో, నెమ్మదిగా, ఆప్యాయంగా కనిపిస్తుంది.

"ఈవిడ ఇందాక అరిచినావిడేగా?" అంది అమ్మమ్మ.

"ఆవిడే. ఆఫీసులో అట్లా ఉంటుంది, ఇంట్లో ఇట్లా ఉంటుంది."

"ఉంటారే అలాంటివాళ్లు," అంది అమ్మమ్మ, సీట్లో వెనక్కి జారగిలబడి.

ఇంటికొచ్చి సబ్‌టైటిల్స్‌తో చూస్తే వాళ్లిద్దరూ కవల అక్కచెల్లెళ్లు. ఆ సంగతి ఆ పాపకి ఎవరూ చెప్పకపోతే బాగుండు.