షార్ట్‌కట్‌ల చిట్టా, 4వ వారం: తెరుస్తుంది గానీ మూయదు

ఈ వారం ఏడు కమాండ్లకి షార్ట్‌కట్‌లు పెట్టాను. ఆరు మొదటిసారే పనిచేశాయి. ఏడోది మాత్రం ఆదివారం మధ్యాహ్నం నిద్రంతా మింగేసింది.

కథ రాస్తూ నోట్స్ ప్యానెల్ కోసం మౌస్ దాకా చెయ్యి చాపకూడదని నా పట్టుదల. మ్యాక్ సెట్టింగ్స్‌లో యాప్ షార్ట్‌కట్స్‌కి వెళ్లి, మెనూలో ఉన్నట్టే ‘షో నోట్స్’ అని కొట్టి, కమాండ్-ఆప్షన్-జె ఇచ్చాను (జె మీట మీద చిన్న గీత తగులుతుంది, చూడక్కర్లేదు). నొక్కితే ప్యానెల్ తెరుచుకుంది. మళ్లీ నొక్కితే ‘టంగ్’మని చప్పుడు, అంతే. మౌస్‌తో మూసి నొక్కితే మళ్లీ తెరుచుకుంటోంది. 20 సార్లు లెక్కపెట్టా: మూసి ఉన్నప్పుడు పదికి పది, తెరిచి ఉన్నప్పుడు పదికి సున్నా.

మొదటి అనుమానం బ్లూటూత్ కీబోర్డు మీద. ల్యాప్‌టాప్ మీటలతోనూ అదే టంగ్. కర్సర్ ప్యానెల్లోకి వెళ్లగానే తెలుగు లేఅవుట్ వచ్చేస్తోందేమో? ఇంగ్లిష్‌లోనే ఉంచి చూశా, అదే తంతు. వేరే యాప్ ఏదైనా లాక్కుంటోందేమోనని అన్నీ మూసేశా. 40 నిమిషాలు గాల్లో కలిశాయి.

చివరికి, ప్యానెల్ తెరిచి ఉండగానే వ్యూ మెనూ కిందికి దించాను. ‘షో నోట్స్’ ఉండాల్సిన చోట ‘హైడ్ నోట్స్’ అని ఉంది, దాని కుడిపక్క ఖాళీ. ఓరినీ! షార్ట్‌కట్ అతుక్కునేది మెనూలోని పేరుకి. పేరు మారితే అది వేరే కమాండే. ‘హైడ్ నోట్స్’కి కూడా అదే షార్ట్‌కట్‌తో ఇంకో వరుస చేర్చి, యాప్ మూసి తెరిచాను. ఇప్పుడు ఇరవైకి ఇరవై.

ఈసారి నుంచి ముందు మెనూయే చూస్తా. కమాండ్ పక్కన షార్ట్‌కట్ గుర్తులు లేకపోతే పేరు కొట్టడంలో తేడా. గుర్తులుండీ పనిచెయ్యకపోతే అప్పుడు వేరే యాప్‌లని అనుమానించాలి.

మీటల పనిని మార్చే కారాబైనర్ యాప్ వేసుకోమని ఒక స్నేహితుడు ఒకటే పోరు. మంచి టూలే, క్యాప్స్ లాక్ మార్చడానికి నేనూ వాడతా. మెనూ కమాండ్‌కి మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

వచ్చే వారం ఉపమెనూల్లోని హెడింగ్ స్టైల్స్. వాటికి మెనూ పేర్ల మధ్య ఖాళీ లేకుండా -> పెట్టి దారంతా రాయాలి. ఆ తర్వాత మొత్తం జాబితాని టెర్మినల్ ఆదేశాలుగా ఒక ఫైల్లో దాచుకోవాలి. అక్కడ కమాండ్ మీటకి @, ఆప్షన్‌కి ~, షిఫ్ట్‌కి $. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు ఇవన్నీ మళ్లీ చేత్తో కొట్టే ఓపిక నాకు లేదు.