తాతయ్య ఏడాది ఆలస్యంగా ఎందుకు వచ్చారు?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది 1945 ఆగస్టు 15న. బర్మా యుద్ధానికని వెళ్ళిన మా తాతయ్య ఊరు చేరింది 1946 చివర్లో. మధ్యలో ఏడాదికి పైగా ఎక్కడున్నారో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా? రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో (ఇప్పటి యాంగోన్), రెండో సంసారం పెట్టాడని కథ అల్లేసింది. నాన్నమ్మ దాన్ని నమ్మిందో లేదో గానీ, దెబ్బలాట వచ్చినప్పుడల్లా వాడుకునేదట.

ఇద్దరూ పోయాక ఆ లెక్క తేల్చాలనిపించింది. ట్రంకుపెట్టెలో కొన్ని పతకాలు, చెదలు తిన్న డిశ్చార్జి పుస్తకం, అందులో మడిచిపెట్టిన ఒక సెలవు చీటీ మిగిలాయి. ఆయన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరని పుస్తకం చెప్పింది. ఆయన పనిచేసిన కంపెనీ, అంటే సైనిక దళం, సంఖ్య చీటీ మీది రబ్బరు ముద్రలో దొరికింది. సైనిక నంబరు ఒక పతకం అంచున చెక్కి ఉంది. ఇలాంటి వెతుకులాటకు దిగేవారు ముందు ఆ నంబరు చూసుకోవాలి. పేరును నమ్ముకుంటే లాభం లేదు, మన ఇంటిపేర్లను ఆనాటి గుమాస్తాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు.

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. కానీ అది యుద్ధంలో పోయినవారి జాబితా. మా వీధిలోనే ఒకరి పెదతాత పేరు అందులో ఇట్టే దొరికింది. యాంగోన్ దగ్గర టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద, దాదాపు 27,000 పేర్లలో ఒకటి. ప్రాణాలతో తిరిగొచ్చినవారికి అలాంటి జాబితా ఏదీ లేదు.

జిల్లా స్థాయి కార్యాలయం ఒకటి నా దరఖాస్తును మింగి కూర్చుంది. దాన్ని వదిలేసి బెంగళూరులోని సైనిక రికార్డు కార్యాలయానికి రాశాను. పింఛను లేకుండా విడుదలైన సైనికుల కాగితాలను 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే పట్టికను మాత్రం ఉంచుతారు. వచ్చిన జవాబులో ఉన్నవి నాలుగు ముక్కలే: చేరిన తేదీ, విడుదలైన తేదీ, హోదా, సత్ప్రవర్తన. తాతయ్య ఎక్కడికీ పారిపోలేదని, 1946 దాకా కొలువులోనే ఉన్నారని తేలడానికి అవి చాలు.

మరి ఏ దేశంలో ఉన్నట్టు? ప్రతి యూనిట్‌కూ ఒక యుద్ధ డైరీ ఉండేది. ఆగ్నేయాసియా రంగానికి చెందినవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, డబ్ల్యూఓ 172 అనే వరుసలో ఉన్నాయి. అక్కడ చదువుకుంటున్న మా మేనకోడలు పాఠకుల కార్డు తీసుకుని, ఆ కంపెనీ పేజీలను ఫోనుతో ఫొటోలు తీసి పంపింది. మసక పెన్సిలు రాత, పొడి మాటలు. సిపాయిల పేర్లు లేవు. కానీ 1945 చివరి నుంచి ప్రతి పేజీ మీదా ఊరు మారింది: బటావియా, అంటే ఇప్పటి జకార్తా.

జపాన్ లొంగిన రెండు రోజులకే సుకర్ణో ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. జపాన్ సైనికుల ఆయుధాలు తీసుకోవడానికి, జపాన్ శిబిరాల్లో మగ్గుతున్న, యుద్ధానికి ముందు ఆ దేశాన్నేలిన డచ్చివాళ్ళను బయటికి తేవడానికి బ్రిటిష్‌వారు అక్కడికి పంపినవారిలో అత్యధికులు మన సిపాయిలే. ఆ పని చూస్తుండగానే యుద్ధమైంది. అక్టోబరు 30న సురబయలో బ్రిటిష్ సేనాని బ్రిగేడియర్ మాలబీ హతుడయ్యాడు. నవంబరు 10న బ్రిటిష్‌వారు ఆ నగరంపై విరుచుకుపడ్డారు. ఇండోనేషియావారు నేటికీ ఆ రోజును వీరుల దినంగా జరుపుకుంటారు. తాతయ్య కంపెనీ బటావియా నుంచి బాండుంగ్‌కు సరుకులు మోసింది. 'కాన్వాయ్ బయలుదేరింది. దారిలో కాల్పులు' అన్న రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. చివరి దళాలు ఈ ఊళ్ళన్నీ ఉన్న జావా దీవిని వదిలింది 1946 నవంబరులో.

మన సేనలను అక్కడ వాడుకోవడాన్ని నెహ్రూ అప్పట్లోనే తప్పుపట్టారు. ఇక్కడ ఊళ్ళన్నీ స్వరాజ్యం కోసం ఎదురుచూస్తుంటే, తాను మరొకరి స్వరాజ్యానికి అడ్డంగా లారీ నడిపానని చెప్పుకోవడం తాతయ్యకు ఇష్టం లేకపోయి ఉంటుంది. ఇది నా ఊహే, ఏ కాగితమూ ఈ మాట చెప్పలేదు.

ఫొటోలన్నీ మా పెద్ద మేనత్తకు చూపించి కథంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే ఆ సంసారం రంగంలో కాదురా, జావాలో అన్నమాట!" అని తేల్చేశారు.