పెదవి మీద పొక్కు లేస్తే మా ఆయన మీద నింద వేశారు

నిన్న పొద్దున మొహం కడుక్కుంటుంటే కింది పెదవి మీది పక్కు తనంతట తానే రాలిపోయింది. లోపల లేత చర్మం వచ్చింది. పదిహేడు రోజులు పట్టింది. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారేలోపే రాసేయాలని కూర్చున్నాను.

మాది కడప. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఈసారి మే నెలలో వచ్చాడు. ఆయన్ను తీసుకురావడానికి చెన్నై విమానాశ్రయానికి పోయి, రాత్రంతా మేలుకొని, తెల్లారేసరికి ఇల్లు చేరినాం. మరుసటి రోజే రాయచోటిలో బంధువుల పెళ్లి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డాం. మూడో రోజు సాయంత్రం కింది పెదవి ఎడమ పక్కన చుమచుమలాడింది. పొద్దునకల్లా ఆవగింజలంత నీటి పొక్కులు గుత్తిగా లేచాయి.

అమ్మకు ఫోన్ చేస్తే "వేడి చేసుంటాది పాపా, మజ్జిగ తాగు" అంది. పక్కింటి అవ్వ రాత్రి పురుగు పాకిందని చెప్పి సున్నం తెచ్చింది. పూయనివ్వలేదు. అది పూసుంటే పెదవి కాలిపోయేది.

నేను చేసిన తప్పు వేరే ఉంది. మందుల షాపుకు పోయి చూపించాను. అతను ఒక ట్యూబు ఇచ్చి, గజ్జికి, తామరకి, పొక్కులకి అన్నిటికీ ఇదే పనిచేస్తుందన్నాడు. నాలుగు రోజులు పూశాను. మొదటి రోజు ఎరుపు తగ్గినట్టే కనిపించింది. తర్వాత పొక్కులు పెదవి దాటి గడ్డం మీదికి పాకాయి. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. వైరస్ పొక్కుల మీద స్టెరాయిడ్ పూస్తే ఒంట్లో దాన్ని అడ్డుకునే శక్తి ఆ చోట తగ్గి, వైరస్‌కి ఇంకా వీలు దొరుకుతుంది. ఇలాంటి పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. అయినా అడక్కుండానే చేతిలో పెడుతున్నారు. దయచేసి "అన్నిటికీ ఒకటే" అని ఇచ్చే ట్యూబును మొహం మీద పూయకండి.

ఐదో రోజు మా అత్త నన్ను ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయింది. పేరు రాయను. ముందు గదిలో పాతిక మంది ఉన్నారు. బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి పేరు, వయసు రాసుకుని, నా పెదవి చూసి, గదిలో అందరికీ వినపడేలా అడిగాడు.

"మీ ఆయన యాడుంటాడు?"

"కువైట్‌లో."

"ఎప్పుడొచ్చినాడు?"

"వారమైంది."

అతను పక్కనున్న అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి తల దించుకుని నవ్వింది. ఆ నవ్వుకు అర్థం ఆ గదిలో అందరికీ తెలిసింది. కడప, రాయచోటి, రాజంపేట పక్క ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఆ మనుషులు అక్కడ పడే కష్టం ఎవరికీ కనపడదు. ఇక్కడ భార్యకు ఏ పొక్కు లేచినా ముందుగా వాళ్ల మీదికే వేలు పోతుంది. మా అత్త నా పక్కనే ఉంది. ఆమె మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

లోపల డాక్టరు లైటు వేసి చూడలేదు. ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాయా అని అడగలేదు. "మొగుడూ పెళ్లాం ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకురండి" అని చీటీ రాసిచ్చాడు. అందులో హెచ్‌ఐవీ, సిఫిలిస్ అనే సుఖరోగం, హెర్పిస్ అనే వైరస్‌కి ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్షలు ఉన్నాయి. ఎందుకు అని అడిగితే "రిపోర్టు వచ్చినాక మాట్లాడదాం" అన్నాడు. పక్క గదిలోనే ల్యాబు. ఇద్దరికీ కలిపి 5,600 రూపాయలు. కువైట్‌లో ఆయన ఎండలో బండి నడిపి సంపాదించిన డబ్బు.

ఆ రెండు రోజులు మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. అత్త ఒక్క మాట అనలేదు. నా కంచం, గ్లాసు వేరే పెట్టింది. తోడికోడలికి ఇరవై రోజుల పాప ఉంది, ఆ గదికి తలుపు వేశారు. మా ఆయన మేడ మీద ఒక్కడే పడుకున్నాడు. "నేను ఏ తప్పూ చేయలేదు" అని ఒక్కసారి అన్నాడు. నేను ఆయన్ను అనుమానించలేదు. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి రావలసిన అవసరం పడిందే, అదే నన్ను తొలిచేసింది.

రిపోర్టు వచ్చింది. హెచ్‌ఐవీ లేదు, సిఫిలిస్ లేదు. హెర్పిస్ ఒకటో రకం, ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ), పాజిటివ్ అని నాకూ ఉంది, ఆయనకూ ఉంది. బల్ల దగ్గరి అబ్బాయి ఆ గీత కింద పెన్నుతో గీసి "చూసుకోండి" అన్నాడు. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి ఏవో మాత్రలు రాశాడు. అవి కొనలేదు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చి ఏడ్చాను. పాజిటివ్ అంటే ఏంటి, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఒక్కరూ చెప్పలేదు.

మా చిన్నాయన కూతురు ఒక ఊళ్లో స్టాఫ్ నర్సు. ఆమెకు ఫోటో పంపితే గంటలో ఫోన్ చేసి తిట్టింది, నన్ను కాదు, వాళ్లను. హెచ్‌ఐవీ పరీక్ష ఎందుకో ముందు చెప్పి, కౌన్సెలింగ్ ఇచ్చి, మనిషి ఒప్పుకున్నాకే చేయాలని 2017లో చట్టం చేశారట. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉందట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే గది ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష ఉచితం, విషయం రహస్యంగా ఉంచుతారు. నా చేత ఒక్క సంతకం పెట్టించుకోలేదు. రేపు ఎవరైనా మిమ్మల్ని ఇలా రాసి పంపితే ముందు "ఎందుకు" అని అడగండి, జవాబు వచ్చేదాకా చేయి చాపకండి. "రిమ్స్‌కు పో అక్కా, చర్మం ఓపీలో చూపించు" అంది. రిమ్స్ అంటే మా కడపలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి.

ఎనిమిదో రోజు ఆటోలో రిమ్స్‌కు పోయినాం. ఓపీ చీటీ, వరుస, రెండున్నర గంటలు. అంతే, వేరే కష్టం లేదు. అత్తను పట్టుబట్టి వెంట తీసుకుపోయాను.

వరుసలో నా ముందు ఒక అవ్వ నోటి రెండు మూలలూ చీలి నోరు తెరవలేకుండా ఉంది. కట్టుడు పళ్లు అరిగిపోయి నోరు లోపలికి ముడుచుకుపోయింది. మూలల్లో ఉమ్ము నిలిచి ఫంగస్ పట్టిందని, షుగరు, రక్తం కూడా చూడాలని చెప్పి పంటి విభాగానికి రాశారు. ఒక పిల్లవాడికి కింది పెదవి లోపల నీటి బుడగ. పెదవి కొరుక్కునే అలవాటుకు ఉమ్ము వచ్చే సన్నని గొట్టం తెగి వస్తుందట. పెదవి మీద లేచే ప్రతిదీ ఒకటే రోగం కాదని నాకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. మొదటి ప్రశ్న ఇది: "చిన్నప్పుడు ఎప్పుడైనా వచ్చిందామ్మా?"

వచ్చింది. ఏడో తరగతిలో జ్వరం వచ్చి తగ్గేటప్పుడు ఇదే చోట లేచింది. పదో తరగతి పరీక్షలప్పుడు ఇంకోసారి. జ్వరపు పొక్కు అనేవాళ్లు, వారానికి పోయేది.

"ఇదీ అదే" అంది. చాలామందికి చిన్నతనంలోనే, ముద్దుల వల్లో ఎంగిలి వల్లో ఈ హెర్పిస్ ఒకటో రకం వైరస్ అంటుకుంటుందట. ఒకసారి వచ్చాక మొహానికి పోయే నరం మొదలు దగ్గర నిద్రపోతూ ఉంటుందట. జ్వరం, నిద్ర లేకపోవడం, టెన్షన్, ఎండ తగిలితే లేస్తుంది. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో 64 శాతం మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందనే అర్థం. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఆ పరీక్ష చెప్పదు. ఈ మాట ఆమె మా అత్త వైపు తిరిగి చెప్పింది. "నీకూ ఉండొచ్చమ్మా."

అత్త కాసేపు ఆగి "నాకూ జ్వరమొస్తే లేస్తాంటాయి, ఇట్లనే" అంది. ఆ ఒక్క మాటకు నా గుండె మీది బండ దిగింది.

పాపను ముద్దు పెట్టుకోవద్దని డాక్టరమ్మ కూడా గట్టిగా చెప్పింది. పుట్టిన కొన్ని వారాల పిల్లలకు ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి వస్తుందట. పక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా దగ్గరికి పోవద్దంది. గ్లాసు, తువాలు వేరే వాడమంది. పొక్కు తాకిన చేతితో కన్ను నలుపుకోవద్దంది. అంటే మా అత్త చేసిన పని తప్పు కాదు. కానీ అదే పనిని కారణం చెప్పి చేస్తే మనిషి తలెత్తుకుని ఉంటుంది.

ఎసైక్లోవిర్ మాత్రలు ఐదు రోజులకు ఇచ్చారు. చుమచుమలాడిన మొదటి రోజే మొదలుపెట్టి ఉంటే బాగా పనిచేసేవట, ఆలస్యమైంది కాబట్టి మెల్లగా మానుతుందన్నారు. ఎండకు పోయేటప్పుడు సన్‌స్క్రీన్ ఉన్న లిప్ బామ్ రాసుకోమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: రెండు మూడు వారాలైనా మానని పుండు, ముఖ్యంగా గుట్కా, పొగాకు అలవాటున్న వాళ్లకు, నొప్పి లేకపోయినా తప్పకుండా చూపించాలి. మా మామకు వక్కాకులో పొగాకు అలవాటు ఉంది. ఆయన్ను కూడా పంటి విభాగానికి తీసుకుపోతానని మా ఆయన ఒప్పుకున్నాడు.

తిరిగి వస్తూ క్లినిక్ దగ్గర ఆటో ఆపమన్నాను. మా ఆయన వద్దన్నాడు. అత్త మాత్రం దిగింది. బల్ల దగ్గరి అబ్బాయి ముందు నిలబడి, అందరికీ వినపడేలా, "నా కొడుకు మీద వేసిన మాట వెనక్కి తీసుకో నాయనా" అంది. అతను ఏమీ మాట్లాడలేదు. డబ్బులూ తిరిగి రాలేదు.

రిపోర్టు, బిల్లు రెండూ బీరువాలో పెట్టాను. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మా చెల్లెలు కనుక్కుంటోంది. పాప బారసాల ఆదివారం. పక్కు రాలింది కదా, చర్మం మామూలైందని డాక్టరమ్మతో ఒకసారి చెప్పించుకుని ఎత్తుకుంటాను.