క్రిటాలో బ్రష్‌లు సర్దుతున్నా: ఇప్పటిదాకా అయింది, ఇంకా ఉన్నది

క్రిటా అంటే కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. అందులోకి దొరికిన ప్రతి బ్రష్ ప్యాక్ వేసుకుంటూ పోతే, గీసే టైం కంటే బ్రష్ వెతికే టైం ఎక్కువైపోయింది. అందుకే బొమ్మలు కాస్త ఆపి సర్దుడు మొదలెట్టాను.

క్రిటాతో వచ్చే ట్యాగ్‌లు (బ్రష్‌లను గుంపులుగా చూపే పేర్లు) పనిముట్టును బట్టి ఉంటాయి: స్కెచ్, ఇంక్, పెయింట్, ఎరేజర్స్ ఇలా. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది, గీసేటప్పుడే ఇబ్బంది. మేఘం వేస్తుంటే నాకు ఒక వెడల్పాటి బ్రష్, ఒక స్మడ్జ్ (రంగును పులిమేది), అంచు మెత్తగా చెరిపే రబ్బరు వెంటవెంటనే కావాలి. మూడూ మూడు చోట్ల ఉంటే ఎలా? అందుకని దశను బట్టి సొంత ట్యాగ్‌లు పెట్టుకున్నాను: 1-రఫ్, 2-గీత, 3-రంగు, 4-ఫినిషింగ్. ముందు అంకె ఉంది కాబట్టి జాబితాలో వరసగా నిలబడతాయి. ఒకే బ్రష్‌కి రెండు ట్యాగ్‌లు తగిలించొచ్చు, కాపీ తియ్యక్కర్లేదు. కుడి క్లిక్‌తో వచ్చే గుండ్రటి ప్యాలెట్‌లో ఎంచుకున్న ట్యాగ్‌లోని బ్రష్‌లే కనిపిస్తాయి. మామూలుగా అందులో 10 పడతాయి. సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు గానీ నేను పెంచలేదు. పదిలో చోటు దొరకని బ్రష్ ఆ దశకి అక్కర్లేదనే నా లెక్క.

పేర్ల కంటే థంబ్‌నెయిల్‌తోనే (బ్రష్‌కి గుర్తుగా కనిపించే చిన్న బొమ్మ) ఎక్కువ పని జరిగింది. డౌన్‌లోడ్ చేసిన ప్యాక్‌లో అన్నిటికీ ఒకేలాంటి పెన్సిల్ బొమ్మ ఉంటే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? ఎఫ్5 నొక్కితే బ్రష్ ఎడిటర్ వస్తుంది, అందులో గీసి చూసుకునే స్క్రాచ్‌ప్యాడ్ మీద గీసినదాన్నే థంబ్‌నెయిల్‌గా పెట్టుకోవచ్చు. ప్రతి బ్రష్‌తో ఒక అడ్డగీత గీశాను, ఎడమ కొసన తేలిగ్గా, కుడి కొసన గట్టిగా నొక్కి. ఒత్తిడికి సైజు మారే బ్రష్ అయితే మూలన ఎర్రచుక్క, ఒపాసిటీ (రంగు చిక్కదనం) మారేదైతే నీలంచుక్క. విసుగు పుట్టించే పనే, కానీ ఇప్పుడు పేరు చదవకుండానే చెయ్యి వెళ్తోంది.

పనికిరానివి తీసేశాను. తీసేసినా ఫైల్ పోదు, దాగుతుందంతే. రిసోర్స్ మేనేజర్‌లో డిలీట్ చేసినవాటిని చూపించమంటే తిరిగి తెచ్చుకోవచ్చు. కాబట్టి ధైర్యంగా తీసెయ్యండి.

బ్యాకప్ దగ్గర ఒక మెలిక ఉంది. 2021లో వచ్చిన 5.0 నుంచి ట్యాగ్‌ల లెక్కంతా ఒక డేటాబేస్ ఫైల్‌లో ఉంటోంది. ఒట్టి కేపీపీ ఫైళ్లు (క్రిటా బ్రష్ ఫైళ్లు) పట్టుకెళ్తే బ్రష్‌లు వస్తాయి, ట్యాగ్‌లు రావు. ఒక్కో దశకి ఒక్కో బండిల్ (అన్నీ కలిపిన ఒకే ఫైల్) కడుతున్నాను, బ్రష్ టిప్‌లు (బ్రష్ ముద్ర ఆకారాలు), ట్యాగ్‌లు కూడా అందులోనే టిక్ పెట్టి. అది కాక, క్రిటా మూసేసి రిసోర్స్ ఫోల్డర్ మొత్తం బయటి డ్రైవ్‌లోకి కాపీ.

బొమ్మల ఫైళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బొమ్మకో ఫోల్డర్, లోపల రిఫరెన్స్, కేఆర్ఏ (క్రిటా సొంత ఫైల్), ఎక్స్‌పోర్ట్. పెద్ద మార్పు చేసేముందు కంట్రోల్-ఆల్ట్-ఎస్ నొక్కితే పేరు చివర అంకెతో కొత్త వెర్షన్ సేవ్ అవుతుంది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" లాంటి పేర్ల బాధ తప్పింది.

మిగిలింది ఫోటోషాప్ బ్రష్‌ల ఏబీఆర్ ఫైళ్ల కుప్ప. వాటిలోంచి క్రిటాకి టిప్‌లు మాత్రమే వస్తాయి, ఒత్తిడి సెట్టింగ్‌లు మనమే కట్టుకోవాలి. ముందు ఆకుల టిప్‌లతో మొదలెడతా, మిగతావి అవసరం పడ్డప్పుడు చూస్తా.