ఉప్పుగాలి తిన్న పాత సైకిలు: పని ఎక్కడిదాకా వచ్చింది

బండి: 24 అంగుళాల ఫ్రేము, రాడ్ బ్రేకులు, 28 × 1½ టైర్లు. కొత్తపట్నం వైపు ఒక వసారాలో ఏళ్ళ తరబడి గోడకు ఆనించి ఉన్నది. రంగు బాగానే ఉంది. మైపాడైనా కొత్తపట్నమైనా, సముద్రం పక్క ఊళ్ళలో రంగు చూసి బండిని నమ్మకూడదు. గాలి కొట్టి ఎక్కేస్తే నాలుగు మైళ్ళు పోతుంది, ఈలోగా హబ్బుల్లో (చక్రాల నడిబొడ్డుల్లో) బేరింగు గోళీలను పట్టి ఉంచే కోన్లు అరిగిపోతాయి.

కడగడం అయింది. తుప్పు కనపడగానే నూనె పూసేస్తారు చాలామంది. కింద ఉప్పు అలాగే ఉండి, గాలిలో తేమ లాక్కుంటూ తినేస్తూనే ఉంటుంది. అందుకే ముందు మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, తర్వాతే నూనె. ఉప్పు బోరు నీళ్ళు దీనికి పనికిరావు. సీటు పైపు పీకి ఫ్రేమును తలకిందులు చేస్తే గుప్పెడు తుప్పు పెచ్చులు రాలాయి. కింద పెడళ్ళ ఇరుసు తిరిగే బీబీ గొట్టం చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి చూస్తే ఎక్కడా మెత్తబడలేదు. అక్కడ మెత్తగా ఉంటే ఆ ఫ్రేము మీద ఇంకో రూపాయి పెట్టడం దండగ.

పెడలు కాడను (క్రాంకును) ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులే అసలు పరీక్ష. డీజిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. నట్టును పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి, క్రాంకు కింద నేలకు ఆనేలా ఇనుప పైపు ముక్క నిలబెట్టి, ఒక్కటే గట్టి దెబ్బ. కింద ఆనిక లేకుండా చిన్న చిన్న దెబ్బలు కొడితే ఆ అదురు గోళీల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి, పిన్ను మర కూడా నలిగిపోతుంది. ఎడమ పిన్ను వచ్చింది. కుడిది వంగింది, డ్రిల్లు వేయాల్సి వచ్చింది. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్ళాలి: 9.5 మి.మీ. ఉంటుంది, 9 కూడా ఉంటుంది. ఎక్కించేటప్పుడు క్రాంకులు అడ్డంగా పెట్టి చూస్తే ఒక నట్టు పైకి, రెండోది కిందికి ఉండాలి. రెండూ ఒకే వైపుంటే పెడళ్ళు ఎదురెదురుగా నిలబడవు.

బీబీలో గ్రీజు ఎండిన సబ్బులా గట్టిపడి ఉంది. ఎడమ కప్పు మామూలు మరే. కుడిది ఎడమ మర, అంటే తిరగేసి విప్పాల్సింది, దాన్ని కదిలించలేదు, టార్చి వేసి లోపల తుడిచి చూస్తే నున్నగానే ఉంది. ఇరుసు మీద గోళీలు తిరిగే దారిలో బాల్ పెన్ను మొన నెమ్మదిగా జరిపితే రెండు చోట్ల తగులుకుంది. ఆ మాత్రం గుంట చాలు, ఇరుసు మార్చాల్సిందే. గోళీలు 1/4 అంగుళానివి, పక్కకు 11. పాతవి మెరుస్తున్నా తిరిగి వేయకూడదు, చవకైన సామానే కదా.

హబ్బులు: ముందు 3/16 గోళీలు పక్కకు 10, వెనక 1/4వి పక్కకు 9. కప్పులో ఒక గోళీకి చాలనంత ఖాళీ మిగిలితే లెక్క సరిపోయినట్టు. లాక్ నట్టు బిగిస్తే కోను కూడా కాస్త ముందుకు పోతుంది కాబట్టి వెంట్రుకవాసి వదులుగా వదిలి బిగించాలి. చక్రాన్ని పైకెత్తి వదిలితే వాల్వు బరువుకే అది కిందికి వచ్చి, అటూ ఇటూ ఊగి ఆగాలి.

ఫ్రీవీల్ (వెనక చైను తిరిగే పళ్ళచక్రం) విప్పలేదు. లోపల 1/8 గోళీలు డజన్లకొద్దీ ఉంటాయి. డీజిలు పోసి తిప్పుతూ నల్లనీళ్ళు ఆగేదాకా కడిగి, పలచటి నూనె నాలుగు చుక్కలు వేస్తే టకటకలు వచ్చాయి. ఇందులో గ్రీజు కూరితే లోపలి పళ్ళు పట్టక తొక్కుడు జారుతుంది. చైనులో 24 లింకులు 12 అంగుళాలు ఉండాలి, ఇది 12¼ దాకా సాగింది, మార్చాం. కొబ్బరినూనె వేస్తే చైను కొన్నాళ్ళకే జిగటబడి ఇసుకంతా పట్టుకుంటుంది.

టైర్లు రోహిణి కార్తె ఎండలకు పక్కలు బీటలు వారాయి, పారేశాం. కొత్తవాటి మీద 635 అంకె చూసి కొనాలి. 622 కూడా 28 పేరుతోనే అమ్ముతారు, ఈ రిమ్ముకు ఎక్కదు. గాలి రాత్రికి రాత్రే దిగిపోతుంటే పంచరు వెతకడానికి ముందు వాల్‌ట్యూబు (వాల్వుకు తొడిగే సన్న రబ్బరు గొట్టం) మార్చి చూడండి. తర్వాత సర్కారు తుమ్మ ముల్లు కోసం టైరు లోపల వేళ్ళతో తడమాలి, ముల్లు విరిగి ఉండిపోతే ప్యాచి వేసినా గాలి మళ్ళీ పోతుంది.

చక్రాల పుల్లలు (స్పోకులు) ముందు 32, వెనక 40. ప్రతి నిపుల్ (పుల్ల కొసన బిగించే నట్టు) మొదట్లో ఒక్కో చుక్క నూనె వేసి ఒక రోజు ఆగి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ బెండు తీయాలి. తొందరపడితే పుల్ల తెగుతుంది. రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచుకు రాసుకుంటుంది కనుక అక్కడి తుప్పు ఉక్కు పీచుతో తీశాం. పైన క్రోముకు నీళ్ళలో ముంచిన అల్యూమినియం రేకు (ఫాయిల్)తో రుద్దితే చాలు. కొత్త క్రోము పోయించడం ఈ బండికి అనవసరం. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య 3 మి.మీ. వదిలాం. తడిస్తే ఈ బ్రేకు సగం కూడా పట్టదు, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఇది గుర్తుంచుకుని తొక్కాలి.

మిగిలింది: మొదటి 50 కిలోమీటర్లకు కాటర్ నట్లు మళ్ళీ బిగించాలి, పిన్నులు కుదురుకునేసరికి వదులవుతాయి. వెనక రిమ్ము లోపలి అంచున పెచ్చు లేచింది, ఈ వానలు దాటాక మార్చక తప్పదు. కొనేది 40 బెజ్జాలదే కావాలి. 36ది అంటగడితే ఆ హబ్బుకు కుదరదు.